'ఇక్కడికే కదా' గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ 'ఇక్కడికే కదా' గారికి,

నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ తమరు క్షేమమని తలుస్తాము అంటూ ఉత్తరం మొదలుపెట్టడం మన ఆనవాయితీ. తమ విషయంలో ఆ మాట రాయబోయి ఆగిపోయాను. తమరు ఎప్పుడూ క్షేమమే. బండి మీద నుంచి పడి మోకాలు చెక్కుకుపోయినవాణ్ణి, మణికట్టు విరిగినవాణ్ణి, తల పగిలి ఆసుపత్రి పాలైనవాణ్ణి ఎవరిని కదిపినా తమ పేరే చెబుతారు గాని, తమ ఒంటి మీద ఒక్క గీత పడిన దాఖలా ఇంతవరకు లేదు. ఇక్కడ మా సంగతి అలా లేదు. కాబట్టి క్షేమసమాచారాలు పక్కనబెట్టి నేరుగా విషయానికి వస్తాను.

తమ పనితీరు నాకు బాగా తెలుసు, ఎందుకంటే చాలా ఏళ్లు నేను తమ భక్తుణ్ణి. బండి తాళంచెవి చేతిలోకి తీసుకోగానే గోడ మీది మేకుకు వేలాడుతున్న హెల్మెట్ వైపు చూపు పోతుంది. సరిగ్గా ఆ క్షణంలో తమరు చెవి దగ్గరికి వస్తారు. గదమాయించరు, వాదించరు, ఉన్నవి రెండే మాటలు, వాటినే ఎంతో ఆప్యాయంగా పలుకుతారు. అంతే, హెల్మెట్ మేకుకే ఉండిపోతుంది. జాకెట్ బీరువాలో, గ్లవ్స్ సొరుగులో, చీలమండ దాకా కప్పే బూట్లు మంచం కింద ఉండిపోతాయి. ఏరి కోరి, డబ్బు పోసి కొనుక్కున్న వస్తువులన్నింటినీ ఒక్క మాటతో ఇంట్లో కూర్చోబెట్టి, మనిషిని మాత్రం చొక్కాతో, చెప్పులతో రోడ్డెక్కించగల నేర్పు తమకు తప్ప మరెవరికీ లేదని సవినయంగా మనవి చేసుకుంటున్నాను.

తమ సిద్ధాంతం నాకు అర్థమైనంతవరకు ఇది: దూరం తక్కువైతే దెబ్బా తక్కువే. అంటే, పడబోయేవాణ్ణి రోడ్డు ముందుగా ఆపి 'ఎందాకా నాయనా' అని విచారించి, దగ్గరికేనని చెబితే కాస్త మెత్తబడుతుందన్నమాట. ఇంత దయగల రోడ్డు నాకెక్కడా తగల్లేదు. బండి మీద కూర్చున్న మనిషి తల నేల నుంచి ఇంచుమించు 1.5 మీటర్ల ఎత్తులో ఉంటుంది. బండి కదలకుండా నిలబడి ఉన్నా సరే, అంత ఎత్తు నుంచి తల నేల మీదికి వచ్చి పడితే, తాకే సమయానికి దాని వేగం గంటకు దాదాపు 20 కిలోమీటర్లు. ఈ లెక్కలో ఎత్తు ఉంది, భూమ్యాకర్షణ ఉంది. ప్రయాణం ఎన్ని కిలోమీటర్లన్నది ఎంత వెతికినా లేదు. బండికి వేగం కూడా ఉంటే అది అదనం.

పైగా దగ్గరి దారులే తమ సామ్రాజ్యమని కనిపెట్టినవాళ్లున్నారు. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన హ్యారీ హర్ట్ బృందం లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో 900 మోటారుసైకిల్ ప్రమాదాలను స్వయంగా పరిశీలించి, మరో 3,600 పోలీసు నివేదికలను తిరగేసి 1981లో ఒక నివేదిక వెలువరించింది. అందులో తమ పేరు ఎత్తలేదు గాని, ప్రతి పేజీలోనూ తమ నీడ కనబడుతుంది. ప్రమాదాల్లో ఎక్కువ భాగం ఏదో కొనుక్కురావడానికో, చిన్న పని చూసుకోవడానికో, స్నేహితుణ్ణి కలవడానికో బయలుదేరిన చిన్న ప్రయాణాల్లో, అదీ బయలుదేరిన చోటికి దగ్గర్లోనే, కొద్దిసేపటికే జరిగినట్లు వారు తేల్చారు. గుద్దుకున్న సమయానికి బండ్ల మధ్యస్థ వేగం గంటకు 35 కిలోమీటర్ల లోపే. ప్రమాదం ముంచుకొస్తోందని తెలిశాక తప్పించుకోవడానికి నడిపేవాడికి దొరికే వ్యవధి రెండు సెకన్ల కన్నా తక్కువ. తమ రెండు మాటలూ నిదానంగా పలకడానికి ఇంచుమించు అంతే పడుతుంది; నేను గడియారం పెట్టుకుని చూశాను.

తమ ఖాతాలో సామాన్యులే కాదు, మహామహులూ ఉన్నారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఎడారి పోరాటాల నుంచి ప్రాణాలతో బయటపడి, అరేబియా లారెన్స్‌గా పేరుపడ్డ టి. ఇ. లారెన్స్ 1935 మే 13న ఇంటికి దగ్గర్లోనే ఉన్న సైనిక శిబిరపు తపాలా కార్యాలయానికి తన బ్రఫ్ సుపీరియర్ బండి మీద వెళ్లి తిరిగివస్తూ, సైకిళ్ల మీద వెళ్తున్న ఇద్దరు కుర్రవాళ్లను తప్పించబోయి ఎగిరిపడ్డాడు. తల మీద హెల్మెట్ లేదు. ఆరు రోజుల తర్వాత, 46 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. ఆనాడు తమరే ఆయన చెవిలో ఆ మాట పలికారని నిరూపించలేను. ఆ రోజుల్లో హెల్మెట్ పెట్టుకునే అలవాటే అరుదు, కాబట్టి తమకు అంత శ్రమ కూడా కలిగి ఉండదు. అయితే ఆయనను చూసిన వైద్యుల్లో హ్యూ కెయిర్న్స్ అనే మెదడు శస్త్రచికిత్స నిపుణుడు ఉన్నాడు. ఆయన ఆ మరణాన్ని మరిచిపోలేదు. మోటారుసైకిళ్ల మీద వెళ్లేవారి తలగాయాలను ఏళ్ల తరబడి పరిశీలించి, హెల్మెట్ ఎంత అవసరమో 1941లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటించాడు. ఆ ఏడే బ్రిటిష్ సైన్యం వార్తలు చేరవేసే తన మోటారుసైకిల్ సైనికులకు హెల్మెట్ తప్పనిసరి చేసింది. ఇంటి పక్కనున్న తపాలా కార్యాలయానికి పోయివచ్చే దారిలో తమ శత్రువు పుట్టాడంటే, ఆ పాపంలోనో పుణ్యంలోనో తమకూ కాస్త వాటా ఉన్నట్లే.

ఇక నా సంగతి. రెండు వీధుల అవతల ఉన్న స్నేహితుడికి తాళంచెవి ఇచ్చి రావాల్సిన పని పడింది. తమరు యథాప్రకారం విచ్చేశారు. నేను యథాప్రకారం తల ఊపాను. మలుపులో ఎవరో ఇల్లు కట్టుకుంటూ పోయించిన కంకరలోంచి గుప్పెడు గులకలు రోడ్డు మీదికి చెదిరి ఉన్నాయి. వేగం ఇరవై దాటలేదు. ముందు చక్రం పక్కకు జారిందని తెలిసింది. ఆ తర్వాత నేను చేసినదేమీ నా నిర్ణయం కాదు. పడేటప్పుడు ముందుగా చెయ్యి చాచడం మనిషికి పుట్టుకతో వచ్చిన గుణం. దాన్ని ఆపడానికి తీరిక ఉండదు. కుడి అరచెయ్యి నా శరీరం మొత్తానికీ బ్రేకుగా పనిచేసింది.

తల నేలకు తగల్లేదు. అది నా గొప్ప కాదు, తమ దయా కాదు.

అసలు కథ ఆ తర్వాత చికిత్స గదిలో జరిగింది. రోడ్డు మీద చర్మం లేచిపోయినప్పుడు కట్టు కట్టి పంపించేస్తారని అనుకునేవాణ్ణి. అలా కాదట. పుండులో మట్టీ రాతిపొడీ మిగిలితే చీము పడుతుంది, పట్టకపోయినా పచ్చబొట్టులా జీవితాంతం నల్లగా చర్మం కింద ఉండిపోతుంది, అందుకని శుభ్రంగా తోమాలి. నర్సమ్మ మత్తుమందు నీళ్లు పోసి, మెత్తని బ్రష్షుతో, నిజంగానే బ్రష్షుతో, అరచేతిని తోమడం మొదలుపెట్టింది. బ్రష్షుకు రానివాటిని పట్టకారుతో ఒక్కొక్కటీ పీకి స్టీలు పళ్లెంలో వేస్తుంటే టింగు టింగుమని వినబడేది. పదకొండు లెక్కపెట్టి ఆపేశాను. మధ్యలో ఆమె తలెత్తకుండా 'ఎక్కడికి వెళ్తున్నారండీ?' అని అడిగింది. నా నోట తమ పేరే వచ్చింది. ఆమె నవ్వలేదు. 'అందరూ అక్కడికేనండీ' అని మళ్లీ పట్టకారు అందుకుంది.

తర్వాత నెల రోజులు చొక్కా బొత్తాం పెట్టుకోవడం, మూత తిప్పడం, ముఖం కడుక్కోవడం ఒక్కొక్కటీ ఒక్కొక్క యజ్ఞమయ్యాయి. అప్పుడు సొరుగులోని గ్లవ్స్ తీసి తీరిగ్గా చూశాను. అరచేతి మడమ దగ్గర ఒక గట్టి ప్లాస్టిక్ బిళ్ల ఉంది. అలంకారమనుకున్నాను. చెయ్యి రోడ్డును పట్టుకుని మెలిపడకుండా, మణికట్టు విరగకుండా, జారిపోవడానికి పెట్టినదట. మన చర్మం చాలాచోట్ల సుమారు 2 మిల్లీమీటర్ల మందమే. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో పడ్డ మనిషి ఆగేలోపు దాదాపు 10 మీటర్లు జారతాడు; ఆ దారిలో నూలు చొక్కా మొదటి మీటర్లలోనే సెలవు తీసుకుంటుంది. మిగిలిన దూరానికి తోలు జాకెట్ గాని, మోచేతులకూ భుజాలకూ దిండ్లు కుట్టిన గట్టి బట్ట గాని లేకపోతే, ఖర్చయ్యేది మన సొంత తోలే.

తమ బంధువర్గం గురించి కూడా ఒక మాట. తమ తమ్ముడు 'పట్టీ ఎందుకులే' గారు హెల్మెట్ పెట్టుకోనిస్తారు గాని గడ్డం కింద బిగించనివ్వరు. పడగానే హెల్మెట్ ఒక దిక్కుకూ తల ఒక దిక్కుకూ పోతాయి. తమ పెదనాన్న కొడుకు ఒకాయన హెల్మెట్‌ను అద్దానికి తగిలిస్తారు. అద్దానికి తలనొప్పి కూడా రాకుండా కాపాడిన ఖ్యాతి ఆయనది. 'వినబడదు, కనబడదు' అని వాపోయే మేనత్త ఒకరున్నారు. ఆవిడ ఫిర్యాదును హర్ట్ బృందం శ్రద్ధగానే విచారించి, అవసరమైన శబ్దాలకు గాని, చూపు పరిధికి గాని హెల్మెట్ అడ్డు రాలేదని తేల్చింది. 'ఉక్కపోత' గారి బాధ మాత్రం నిజమైనది. గాలి ఆడే జాలీ జాకెట్లు వచ్చాయని ఆయనకు ఎవరైనా చెబితే బాగుంటుంది.

హెల్మెట్ లోపల ఏముందో తమకు ఎప్పుడూ ఆసక్తి కలగలేదనుకుంటాను. పైన గట్టి డిప్ప, దాని కింద థర్మాకోల్ పొర. దెబ్బ తగిలినప్పుడు ఆ పొర తాను నలిగిపోయి, తల ఆగడానికి మరికొన్ని వేలవంతుల సెకను గడువు ఇస్తుంది. ఆ గడువులోనే మెదడు బతుకుతుంది. ఒకసారి నలిగితే మళ్లీ ఉబ్బదు కనుక, పెద్ద దెబ్బ తిన్న హెల్మెట్‌ను పైకి ఎంత బాగున్నా పారెయ్యాల్సిందే. అనేక పరిశోధనలను కలిపి చూసిన 2008 నాటి కోక్రేన్ సమీక్ష ప్రకారం, ప్రమాదం జరిగినప్పుడు హెల్మెట్ వల్ల చావు ముప్పు 42 శాతం, తలగాయం ముప్పు 69 శాతం తగ్గుతాయి. ఇవి నూటికి నూరు కావని తమరు ఎత్తిపొడవవచ్చు. నిజమే, కావు. తమ పద్దులో ఆ అంకె సున్నా అని మాత్రం గుర్తుచేస్తున్నాను.

నాకు మింగుడుపడని సంగతి ఒకటుంది. తమరు నడిపేవాడితోనే సరిపెట్టుకోరు. ముందున్నవాడు హెల్మెట్ పెట్టుకున్నా, వెనక కూర్చున్నవాళ్ల దగ్గరికి వెళ్లి అదే మాట చెబుతారు. బ్రేకు వాళ్ల చేతిలో లేదు, గుంత వాళ్లకు ముందుగా కనబడదు, పడేటప్పుడు మాత్రం ఇద్దరూ ఒకే ఎత్తు నుంచి పడతారు. పిల్లలను కూడా వదలరు తమరు. ఇందులో వ్యంగ్యం చెయ్యడానికి నాకు మనసొప్పడం లేదు.

నిన్న సాయంత్రం అదే స్నేహితుడి దగ్గర నుంచి అదే తాళంచెవి తెచ్చుకోవాల్సి వచ్చింది. తమరు గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నారు, చూశాను. జాకెట్ తొడుక్కున్నాను, బూట్లు వేసుకున్నాను, హెల్మెట్ పట్టీ బిగించాను, చివర్న గ్లవ్స్ తొడిగాను. అంతా కలిపి రెండు నిమిషాలు పట్టింది. ప్రయాణం కూడా రెండు నిమిషాలే కాబట్టి తమకు నవ్వొచ్చి ఉంటుంది. పక్కింటి కుర్రవాడు నన్ను ఎగాదిగా చూసి, 'అంకుల్, ఎంత దూరం వెళ్తున్నారు?' అని అడిగాడు.

'ఇక్కడికే' అన్నాను. 'కదా' అనలేదు.

ఇట్లు,
కుడి అరచేతిలో తమ చేవ్రాలు మోస్తున్న
ఒక పాత భక్తుడు