వల్కన్ గ్రహం గారికి, ఆవపిండి అంకుల్ రాయు లేఖ

మహారాజశ్రీ వల్కన్ గ్రహం గారి దివ్య సముఖమునకు,
సూర్యుడికీ బుధుడికీ మధ్య, ఎక్కడో ఒకచోట.

ఉత్తరం ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మా పెద్దలు నేర్పిన మర్యాద. కానీ ఇక్కడ నేను కుశలంగా లేను, అక్కడ మీరు అసలే లేరు. కాబట్టి నేరుగా విషయానికొస్తాను.

మొన్న ఆదివారం మధ్యాహ్నం మూడింటికి, గుంటూరులో మా అపార్ట్‌మెంట్ డాబా మీద, నేను మిమ్మల్ని కనిపెట్టాను.

ఈఎంఐ మీద కొన్న టెలిస్కోపు. దాని స్టాండు తుమ్మితే ఊగుతుంది. డాబా తాళంచెవి కోసం సెక్రటరీ గారిని నేను బతిమాలిన తీరు వేరే లేఖకు సరిపోతుంది. సూర్యుణ్ణి కంటితో చూసేంత తెలివితక్కువవాణ్ణి కాదు, కన్ను పెట్టి చూసే ఐపీస్ వెనక తెల్ల అట్ట పట్టుకున్నాను. అట్ట మీద సూర్యుడు అప్పడమంత పడ్డాడు. ఆ అప్పడం మీద నల్లగా, గుండ్రంగా, ఒక చుక్క. అది కదులుతోంది! ఒక అంచున లోపలికొచ్చి, అవతలి అంచున బయటికి పోయింది.

ఆవేశపడలేదు, ముందు లెక్క చూశాను. బుధుడు మళ్ళీ సూర్యబింబం మీదుగా వెళ్ళేది 2032 నవంబరు 13న. శుక్రుడైతే 2117 దాకా రాడు. సూర్యుడి మీద మచ్చేమో అనుకుంటే, అది ఆ చివరి నుంచి ఈ చివరికి రావడానికి రెండు వారాలు పడుతుంది. ఇది రెండే నిమిషాల్లో వచ్చేసింది. అన్నీ కొట్టేస్తే మిగిలింది కొత్త గ్రహం ఒక్కటే. ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. మా బావమరిది వరసగా పదకొండు దండాలు పెట్టాడు. మా అత్తగారు మాత్రం, "ఆదివారం మూడింటికి గుళిక కాలం అల్లుడుగారూ, అప్పుడు మొదలుపెట్టిన పని మళ్ళీ మళ్ళీ చేయాల్సొస్తుంది" అన్నారు. నేను పట్టించుకోలేదు.

అంతలో ఆరేసిన బట్టలు తీసుకోవడానికి పక్క ఫ్లాట్ పిల్ల పైకొచ్చింది. ఎనిమిదో తరగతి. ఒక్క నిమిషం చూసి, "ట్యూబు కాస్త కదపండి అంకుల్" అంది. కదిపాను. సూర్యుడు పక్కకు పోయాడు, చుక్క అక్కడే ఉంది. "ఇప్పుడు ఐపీస్ తిప్పండి." తిప్పాను. దాంతోపాటే చుక్కా గిర్రున తిరిగింది. "నడిచేది చుక్క కాదంకుల్, సూర్యుడే. భూమి తిరుగుతుంది కదా, రెండు నిమిషాల్లో సూర్యుడు తన వెడల్పంత జరిగిపోతాడు. చుక్క మీ అద్దానికి అంటుకుని ఉంది." తర్వాత నా చేతుల వంక చూసింది. గోళ్ళ సందుల్లో పచ్చగా ఉంది.

ఆవకాయ రోజులు కదండీ. పొద్దున్నుంచీ నాచేత ఆవపిండి జల్లింపించారు. అదే చేత్తో ఐపీస్ మార్చాను.

ఆ సాయంత్రానికే నా పేరు మారిపోయింది. వాచ్‌మన్ తప్ప అందరూ ఆవపిండి అంకుల్ అనే పిలుస్తున్నారు. వాచ్‌మన్ ఆవపిండి సార్ అంటున్నాడు.

సరే, నా తప్పే. ఒప్పుకున్నాను. కానీ రాత్రి నిద్రపట్టక సూర్యుడి మీద నల్లచుక్కల చరిత్ర తిరగేస్తుంటే మీ జాతకం బయటపడింది. అక్కడే కడుపు మండింది.

1859 మార్చి 26. పారిస్‌కు దూరంగా ఒర్జేర్ అనే పల్లెటూళ్ళో లెస్కార్బో అనే వైద్యుడు. ఆయన గడియారానికి సెకన్ల ముల్లు లేదు. మేకుకు దారం కట్టి, దాని చివర దంతపు గుండు వేలాడదీసి, అది ఊగినప్పుడల్లా ఒక సెకను అని లెక్కపెట్టాడు. లెక్కలు చెక్క పలక మీద రాసి, పని కాగానే చిత్రిక పట్టేశాడు. ఆధారం తుడిచిపెట్టుకుపోయింది, కనీసం నా దగ్గర ఫొటో ఉంది! ఆయనకూ సూర్యుడి మీద నల్లచుక్క కనిపించింది. మధ్యలో రోగి వస్తే చూడ్డం ఆపి వైద్యం చేసి, మళ్ళీ వచ్చి చూశాడు. చుక్క ఇంకా ఉంది. గంటా పదిహేడు నిమిషాల్లో దాటిపోయింది. తొమ్మిది నెలలు ఎవరికీ చెప్పలేదు. (ఈ ఒక్క విషయంలో ఆయన నాకంటే పెద్దమనిషి.)

అప్పటికే లెవెరియే మీకోసం వెతుకుతున్నారు. లెవెరియే అంటే మామూలు మనిషి కాదు. యురేనస్ దారి తప్పుతోందని చూసి, గదిలో కూర్చుని కాగితం మీద లెక్కలు కట్టి, ఫలానా చోట ఇంకో గ్రహం ఉండాలని బెర్లిన్‌కు ఉత్తరం రాసినాయన. 1846 సెప్టెంబరు 23 రాత్రి గాలె అనే ఖగోళ శాస్త్రవేత్త టెలిస్కోపు అటు తిప్పితే, చెప్పిన చోటికి ఒక డిగ్రీ లోపే నెప్ట్యూన్ దొరికింది. అలాంటి మనిషికి బుధుడి కక్ష్యలో ఆవగింజలో అరవయ్యో వంతు తేడా కనిపించింది. ఆయన లెక్కలో వందేళ్ళకు 38 ఆర్క్‌సెకన్లు, తర్వాతివాళ్ళు సరిచేస్తే 43, అంటే ఆ తేడా పెరిగి పెరిగి ఒక్క డిగ్రీ కావాలంటే ఎనిమిది వేల ఏళ్ళు పైనే. నెప్ట్యూన్ దొరికిన పద్ధతిలోనే ఇక్కడా ఒక గ్రహం ఉండాలనుకున్నారు. నమ్మకుండా ఎలా ఉంటారు?

ఆ డాక్టరు ఉత్తరం అందగానే ఆ డిసెంబరు నెలాఖరున, కబురైనా పెట్టకుండా ఒర్జేర్ వెళ్ళి, తలుపు కొట్టి, ఆయన్ని బోనులో నిలబెట్టినట్టు ప్రశ్నలడిగారు. మేకు చూశారు, దారం చూశారు. చివరికి నమ్మారు. 1860 జనవరిలో ఆ డాక్టరుకు లీజియన్ ఆఫ్ ఆనర్ పతకం! మీకు వల్కన్ అని నామకరణం. 19 రోజుల 17 గంటలకోసారి సూర్యుణ్ణి చుట్టి వస్తారని లెక్క కూడా కట్టేశారు. అదే సమయంలో బ్రెజిల్ నుంచి సూర్యుణ్ణి చూస్తున్న లియే అనే ఆయన, నాకేమీ కనిపించలేదు మొర్రో అన్నాడు. ఎవరు విన్నారు!

అదీ నా బాధ. మేకుకు దారం కట్టినాయనకు పతకం, ఈఎంఐ కట్టేవాడికి ఆవపిండా? ఆయన్ని పరీక్షించడానికి లెవెరియే వచ్చాడు, నన్ను పరీక్షించడానికి బట్టలు తీసుకెళ్ళే పిల్ల వచ్చింది. ఆ పిల్లను 1859లో ఒర్జేర్ పంపించి ఉంటే మీ పేరు ఎవరూ వినేవారు కాదు. మా ఆవిడకు ఇదంతా చదివి వినిపించాను. "పతకం వస్తే వస్తుంది గానీ, ఆవపిండి సగం జల్లెడలోనే ఉంది, ముందు ఆ సంగతి చూడండి" అంది.

ఒళ్ళు లేని గ్రహాలు మాకు కొత్తేమీ కాదండీ. రాహుకేతువులు తరతరాలుగా ఉన్నారు. కానీ వాళ్ళు ముందే ఛాయాగ్రహాలమని చెప్పుకున్నారు. ఫలానా తారీఖున దుర్భిణిలో కనిపిస్తామని ఎవరికీ మాటివ్వలేదు. రోజుకు గంటన్నర పట్టుకుపోతారు, అంతే. మీరలా కాదు. 1877 మార్చి 22న సూర్యుడి మీదుగా వెళ్ళొచ్చని ఆ పెద్దాయన చెబితే, దేశదేశాల వాళ్ళు టెలిస్కోపులు పట్టుకుని కాచుక్కూర్చున్నారు. మీరు రాలేదు.

ఏమయ్యా, ఆరోజు రాకపోతే రాకపోయావు, లేనని ఎలాగోలా చెప్పొచ్చు కదా? ఆయనకు అప్పటికే ఒంట్లో బాగాలేదు. అదే ఏడు సెప్టెంబరు 23న పోయారు. తేదీ చూశావా? నెప్ట్యూన్ దొరికిన రోజే, సరిగ్గా 31 ఏళ్ళ తర్వాత. నిన్ను నమ్ముకునే పోయారు. తర్వాతి ఏడాది జూలై 29న అమెరికాలో సంపూర్ణ గ్రహణం పడితే, వాట్సన్ అనే ఆయన నిన్ను చూశానన్నాడు. ఇరవై రెండు గ్రహశకలాలు కనిపెట్టి తెచ్చుకున్న పేరును నీమీద పందెం కాశాడు. అందరూ వెక్కిరిస్తే, నిన్ను పట్టపగలే పట్టుకోవడానికి నేలలో లోతుగా గొయ్యి తవ్వించి అందులో అబ్జర్వేటరీ కట్టించడం మొదలుపెట్టాడు. అది పూర్తి కాకుండానే 1880లో చచ్చిపోయాడు, నలభై రెండేళ్ళకే. నా పేరు పోతే ఆవపిండితో పోయింది. వాళ్ళ సంగతేంటి? కొంచెమైనా సిగ్గుండక్కర్లా?

నిజానికి ఆ అమెరికా గ్రహణానికి పదేళ్ళ ముందే, 1868లో, మీ ఫ్రాన్స్ నుంచే జాన్సెన్ అనే ఆయన పనిగట్టుకుని మా గుంటూరు వచ్చాడు. ఆగస్టు 18 గ్రహణంలో సూర్యుడి అంచున ఎగసే మంటల్ని, వెలుగును రంగులుగా విడదీసే స్పెక్ట్రోస్కోపులో చూశాడు. ఆ ఏడాది సూర్యకాంతిలో దొరికిన ఒక పసుప్పచ్చ గీతే తర్వాత హీలియం అని తేలింది. మా ఊళ్ళో సూర్యుణ్ణి చూసినవాడికి ఉన్నదేదో దొరికింది, నూటయాభై ఏళ్ళ తర్వాత నాకు తప్ప. నాకు దొరికిందీ పసుప్పచ్చదే అనుకో.

చివరికి నీ చావు కబురు చెప్పింది ఐన్‌స్టీన్. 1915 నవంబరు 18న, సూర్యుడి దగ్గర స్థలకాలాలే వంగి ఉన్నాయి, ఆ 43కి గ్రహం అక్కర్లేదు అని లెక్క చూపించాడు. లెక్క కుదిరినప్పుడు ఆయనకు గుండె దడదడలాడిందట. నాకూ ఆడింది ఆదివారం, రెండు నిమిషాలు. కారణం వేరు.

అయినా నీకు బుద్ధి రాలేదు. ఒక అమెరికన్ టీవీ సీరియల్లో నీ పేరే పెట్టుకున్న కల్పిత గ్రహానికి, 16 కాంతి సంవత్సరాల దూరంలోని 40 ఎరిడాని ఏ అనే నక్షత్రాన్ని సూర్యుణ్ణి చేశారు. 2018లో ఆ నక్షత్రం చుట్టూ నిజంగానే గ్రహం దొరికిందని ప్రకటించారు, పత్రికలన్నీ వల్కన్ వల్కన్ అని గంతులేశాయి. 2024లో తీరిగ్గా, అబ్బే, అది గ్రహం కాదు, ఆ నక్షత్రం ఉపరితలం చేసే అలజడి అని తేల్చారు. రెండు సౌరకుటుంబాలు, రెండు చోట్లా ఎగ్గొట్టావు.

కానీ నీతో అబద్ధమెందుకు? ఆ రెండు నిమిషాలూ అట్ట పట్టుకున్న నా చెయ్యి వణికింది. ఎండ తెలియలేదు, ఈఎంఐ గుర్తు రాలేదు. ఒర్జేర్ డాక్టరుకు గంటా పదిహేడు నిమిషాలు ఎలా ఉండి ఉంటుందో నాకొక్కడికే తెలుసు ఈ అపార్ట్‌మెంట్‌లో. ఆ పిల్లకు తెలియదు. తనకు ఇంకా అలాంటి పొరపాటు జరగలేదు.

ఇవాళ మూడో రోజు, ఆవకాయ తిరగకలపాలట, కింద నుంచి కేకలేస్తున్నారు. కలిపొచ్చి, సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుని, ఐపీస్ తుడిచిపెడతాను. ఆదివారం మూడింటికి డాబా మీదే ఉంటాను. గుళిక కాలమే. నువ్వు రావని తెలుసు.

ఇట్లు,
ఆవపిండి అంకుల్,
గుంటూరు