పిన్ని నడక మాన్పించిన మెసేజ్

"నడుము నొప్పి ఉన్న ఆడవాళ్లు నడవకూడదు, డిస్కులు అరుగుతాయి. నడక తేడా వచ్చిందంటే గర్భసంచి చెడినట్టే. రోజంతా బెల్టు కట్టుకోండి." గుంటూరులో ఉన్న గ్రూపులన్నీ తిరిగి ఈ మెసేజ్ మా ఇంటి గ్రూపులోకీ వచ్చింది. అది చదివి మా పిన్ని ఎన్టీఆర్ స్టేడియంలో పొద్దుటి నడక మానేసింది.

నడిచేకొద్దీ అరగడానికి, వెన్నుపూసల మధ్య మెత్తలా ఉండే డిస్కేమీ చెప్పు అడుగు కాదు. నడుము నొప్పి వచ్చి తగ్గిన 701 మందితో ఆస్ట్రేలియాలో చేసిన అధ్యయనం 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. ఫిజియోథెరపిస్టు సలహాతో కొద్దికొద్దిగా నడక పెంచినవాళ్లకు నొప్పి తిరగబెట్టడానికి మధ్యస్థ లెక్కన 208 రోజులు పట్టింది. మిగతావాళ్లకు 112 రోజులే.

నడక మారుతుందన్న మాట మాత్రం నిజం. మిర్చి తొడిమలు తీసే ఆడవాళ్లు అన్నానికి లేచేటప్పుడు చూడండి. ఒక చెయ్యి మోకాలి మీద, ఇంకో చెయ్యి నడుము మీద. మొదటి పది అడుగులూ పొట్టిగా, నిదానంగా పడతాయి. మామూలుగా చురుగ్గా నడిచేటప్పుడు తుంటి ఒకవైపు తిరిగితే భుజాలు రెండోవైపు తిరుగుతాయి. నొప్పి ఉన్నవాళ్లలో చాలామందికి వీపు కండరాలు బిగుసుకుని, ఆ రెండూ ఒకే పలకలా కదులుతాయి. అది ఒళ్లు తనకు తాను పెట్టుకున్న కాపలా.

దాన్ని గర్భసంచికి ముడిపెట్టడం మాత్రం దుర్మార్గం. నెలసరితో పాటు నొప్పి పెరుగుతుంటే డాక్టరుకు చూపించుకోవాల్సిందే, కానీ నడక చూసి గర్భసంచి చెడిందని ఎవరూ చెప్పలేరు. అసలే గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మనది ముందు వరుస. చిన్న వయసులో అండాశయాలు కూడా తీసేస్తే ఎముకలు త్వరగా గుల్లబారతాయి. నొప్పి పోవడానికి చేయించుకున్నది ఇంకో నొప్పికి దారి!

బెల్టా? దీర్ఘకాలపు నడుము నొప్పికి మామూలు చికిత్సగా అది వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లోనే చెప్పింది.

అసలు భయపడాల్సినవి మెసేజ్‌లో లేనే లేవు. పాదం పైకి లేవక నేలకు ఈడ్చుకుపోవడం, తొడల మధ్య తిమ్మిరి, మూత్రం పట్టు తప్పడం. వీటిలో ఏది కనిపించినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

నిన్న సాయంత్రం పిన్నిని వీధి చివరిదాకా నడిపించాను. "చేతులు ఊపుతూ నడువు పిన్నీ" అన్నాను. "పోరా, ఊపుతూ నడిస్తే కవాతనుకుంటారు" అంది. నాలుగిళ్లు దాటాక ఊపింది.