హెడ్జ్ ట్రిమ్మర్ కొనేవారు వోల్టులను చూసి మురిసిపోవద్దు

ప్రహరీ వెంట గోరింట, డురాంటా, నూరువరహాలు పెంచుకున్న మిత్రులు వానలు మొదలై కొమ్మలు దారికి అడ్డం పడగానే కార్డ్‌లెస్ హెడ్జ్ ట్రిమ్మర్ (కంచె మొక్కలను కత్తిరించే, బ్యాటరీతో నడిచే యంత్రం) ఏది మంచిదని అడుగుతారు. అడుగుతూనే, ఏ ప్రకటనలో ఎన్ని వోల్టులు రాశారో వరుసగా చదువుతారు. నా అభ్యంతరమంతా ఆ అంకెల మీదే.

ఈ యంత్రాల బ్యాటరీలో ఉండే లిథియం అయాన్ సెల్ ఒక్కొక్కటి సగటున 3.6 వోల్టులు, పూర్తిగా చార్జి అయినప్పుడు 4.2 వోల్టులు ఇస్తుంది. అయిదు సెల్‌లను వరుసగా కలిపితే సగటు 18, నిండుగా ఉన్నప్పుడు 21 అవుతుంది. కనుక ఒకరు 18 అని, ఒకరు 20 మ్యాక్స్ అని, మరొకరు 21 అని ముద్రించినా లోపలున్నవి ఆ అయిదు సెల్‌లే. ఆన్‌లైన్‌లో 48 అనీ 88 అనీ రాసి, పక్కన ‘వీఎఫ్’ అనే అక్షరాలు తగిలించి అమ్మే చవక సరుకులో చాలావరకు ఉండేది కూడా ఇదే బ్యాటరీ. ఆ అక్షరాలు కొనేవాడి కళ్లు కప్పడానికి తప్ప దేనికీ పనికిరావు. చూడవలసింది వోల్టులను ఆంపియర్ అవర్లతో గుణిస్తే వచ్చే వాట్ అవర్లను, అంటే బ్యాటరీలో నిలవ ఉండే మొత్తం శక్తిని. 18 వోల్టుల 2 ఆంపియర్ అవర్ బ్యాటరీలో 36, 4 ఆంపియర్ అవర్ బ్యాటరీలో 72 వాట్ అవర్ల శక్తి ఉంటుంది.

బ్లేడు పళ్ల మధ్య ఖాళీ ఎంతో మాత్రం ఎవరూ అడగరు. ఇంటి వాడకపు యంత్రాల్లో అది సాధారణంగా 15 నుంచి 20 మిల్లీమీటర్లు ఉంటుంది. అంతకు మించి లావైన కొమ్మ పళ్ల మధ్యకే రాదు. లేత డురాంటా సులువుగా తెగుతుంది గాని, ఏళ్ల తరబడి ముట్టుకోని గోరింటకూ ముదిరిన మందారకూ ముందు సికేచరో (కొమ్మలు కత్తిరించే చేతి కత్తెర) రంపమో పట్టవలసిందే. అలాగే, దుకాణంలో ఒక్క క్షణం ఎత్తి చూస్తే తేలిగ్గా అనిపించే మూడు కిలోల యంత్రం, భుజాల ఎత్తున పట్టుకుని పావుగంట పనిచేస్తే చేతులు పీకేలా చేస్తుంది. నడుమెత్తు కంచెకు పొడవాటి బ్లేడు అనవసరమని నా అభిప్రాయం.

ఇంట్లో ఇప్పటికే కార్డ్‌లెస్ డ్రిల్లు ఉంటే, దాని బ్యాటరీకి సరిపోయే ట్రిమ్మర్‌ను బ్యాటరీ లేకుండా కొనడం అన్నిటికన్నా తెలివైన పని. అయితే కంపెనీ పేరు ఒకటే అయినంత మాత్రాన సరిపోతుందనుకోకూడదు: బాష్‌లో ఆకుపచ్చ రంగు గృహోపకరణాల 18 వోల్టుల బ్యాటరీ, నీలం రంగు ప్రొఫెషనల్ పరికరాల్లో పట్టదు.

మన ఎండల సంగతి ప్రకటనల్లో కనబడదు. ఈ బ్యాటరీలను సుమారు 45 డిగ్రీలు దాటిన వేడిలో చార్జి చేయకూడదు, మేడ మీది రేకుల గదిలో మే నెలంతా వదిలేయనూ కూడదు. వాడని రోజుల్లో సగం చార్జితో ఇంట్లోనే నీడపట్టున ఉంచాలి. విశాఖ, కాకినాడ వంటి ఉప్పుగాలి ఊళ్లలో బ్లేడుకు తుప్పు త్వరగా పడుతుంది కాబట్టి, పని ముగిశాక బ్యాటరీ ఊడదీసి, జిగురు తుడిచి, కుట్టుమిషన్ నూనె రాయాలి.

ఇక గేటు పక్కన నాలుగు మొక్కలే ఉన్నవారికి ఇవేవీ అక్కర్లేదు. రెండు చేతుల కత్తెర ఒకటి కొనుక్కుంటే చాలు, దానికి చార్జరు కూడా ఉండదు.