క్లౌజ్ కామిక్స్‌ను వదిలేయలేదు

అమెరికన్ కామిక్స్ రచయిత, చిత్రకారుడు డేనియల్ క్లౌజ్ గురించిన మీ వ్యాసంలో, ఆయన సినిమాల కోసం కామిక్స్‌కు స్వస్తి చెప్పారన్నట్టుగా రాశారు. అది సరికాదు. తన కామిక్స్ పుస్తకం ఆధారంగా దర్శకుడు టెర్రీ జ్విగాఫ్‌తో కలిసి రాసిన 'ఘోస్ట్ వరల్డ్' (2001) సినిమా స్క్రీన్‌ప్లేకు ఆస్కార్ నామినేషన్ వచ్చాక కూడా ఆయన బొమ్మలు గీస్తూనే ఉన్నారు. 2016లో 'పేషెన్స్', 2023లో 'మోనికా' అనే ఆయన కామిక్స్ పుస్తకాలు వెలువడ్డాయి. 'మోనికా'కు ఫ్రాన్స్‌లోని అంగులేమ్ కామిక్స్ ఉత్సవంలో ఉత్తమ పుస్తక పురస్కారం కూడా దక్కింది.

ఆ స్క్రీన్‌ప్లేలో నాకు బాగా నచ్చేది ఆయన తెగువ. సొంత పుస్తకమే కదా అని మక్కికి మక్కి దించలేదు. పత్రికలో ప్రకటన ఇచ్చి, కథానాయికలైన ఇద్దరమ్మాయిల చేతిలో మోసపోయి హోటల్లో ఒంటరిగా ఎదురుచూసే మనిషి పుస్తకంలో అలా వచ్చి వెళ్లిపోతాడు. సినిమాలో అతడి స్థానంలో పాత గ్రామఫోన్ రికార్డులు పోగుచేసే సీమోర్ వచ్చి, కథలో సగం బరువు మోశాడు. మీ వ్యాసంలో సీమోర్ ప్రస్తావనే లేకపోవడం పెద్ద వెలితి. వీలైతే క్లౌజ్ కామిక్స్ పత్రిక 'ఎయిట్‌బాల్' సంచికల గురించి విడిగా రాయండి.