పింఛను మీద కాదు, అప్పు లెక్క మీద అడగండి

ఉచిత పథకాల వల్లే రాష్ట్రాలు అప్పుల్లో మునుగుతున్నాయని, బ్యాంకులో డబ్బు కూడా ఇక భద్రం కాదని మీ వ్యాసంలో రాశారు. అప్పుల గురించి భయం నాకూ ఉంది. కానీ ఆ రెండో మాట చదివి మా అమ్మ టెన్షన్‌తో రాత్రంతా నిద్రపోలేదు.

ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛను 2024 జూలైలో 3,000 నుంచి 4,000 రూపాయలయ్యింది. ఒకటో తారీకున గ్రామ సచివాలయం వాళ్లు ఇంటికొచ్చి నోట్లు చేతిలో పెడితే, పక్కింటి అవ్వ ముందు బీపీ మాత్రలకు తీసి కొంగున ముడేసుకుంటుంది. దాన్ని దుబారా అంటే నేను ఒప్పుకోను. తెచ్చిన అప్పు దేనికి పెట్టారు, వడ్డీకే ఎంత పోతోంది, అది అడగండి. ఆ లెక్క తప్పితే ఏమవుతుందో శ్రీలంకను చూడండి. అక్కడ 2019 చివర్లో వ్యాట్‌ను, అంటే అమ్మకాల మీద పన్నును, 15 నుంచి 8 శాతానికి తగ్గించారు. ఖజానా ఆదాయం పడిపోయింది, ఆపైన కరోనాతో టూరిజం పోయింది. 2022 ఏప్రిల్‌లో విదేశీ అప్పులు కట్టలేమని చేతులెత్తేశారు. జనం దాచుకున్న డబ్బు విలువను ధరలే తినేశాయి.

బ్యాంకు సంగతికొస్తే, మన దేశంలో ఒక బ్యాంకులో ఒక మనిషికి అసలు, వడ్డీ కలిపి 5 లక్షల వరకు డిపాజిట్ బీమా ఉంది, అంటే బ్యాంకు మునిగినా అంతవరకు డబ్బు తిరిగొస్తుంది. 2020కి ముందు అది లక్షే. అదే బ్యాంకు రెండు బ్రాంచీల్లో వేసినా కలిపే లెక్కిస్తారు. పరపతి సంఘాలకు ఈ బీమా లేదు. అది తెలియక, వడ్డీ ఎక్కువని మా నాన్న రిటైర్మెంట్ డబ్బు ఒక సంఘంలో పెట్టారు. అది మూతపడింది. ఆ పాస్‌బుక్ ఇప్పటికీ బీరువాలోనే ఉంది. అందుకే అమ్మ డబ్బు రెండు బ్యాంకుల్లో విడివిడిగా వేశాను, కొంత పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ స్కీములో పెట్టాను. దయచేసి బీమా వివరాలు కూడా వ్యాసంలో చేర్చండి.