అది అందం కోసం చేసే ఆపరేషన్ కాదు

నిన్న తిరుపతిలో ఒక పెళ్లి రిసెప్షన్‌లో, దవడ ఆపరేషన్ అయిన మా అక్క కొడుకుని చూసి ఒక పెద్దాయన అందరి ముందూ అన్న మాట: "మగపిల్లోడికి మొహం ఎట్లుంటే ఏమప్పా, ఇంత ఖర్చు దేనికి? రేపు గడ్డం పెంచుకుంటే కనపడేదే లేదు." పక్కనున్నవాళ్లు నవ్వారు. వాడికి పదకొండేళ్లు, అన్నీ అర్థమవుతాయి. నాకు ఇంకా ఒళ్లు మండుతోంది.

ఆపరేషన్‌కి ముందు వాడి నోట్లో వేలు పట్టేది కాదు. ఇడ్లీని సాంబార్లో మెత్తగా నలిపి పళ్ల సందులోంచి పెట్టేది మా అక్క. కింది దవడ పెరగక, నాలుక వెనక్కి పడి, నిద్రలో ఊపిరి ఆగితే ఉలిక్కిపడి లేచి కూర్చునేవాడు. ఇదా అందం సంగతి?

చెవి ముందు అతుక్కుపోయిన దవడ కీలుని విడదీసి, దవడ ఎముకని కోసి, కొన్ని రోజులు ఆగి, కోసిన చోట బిగించిన పరికరం స్క్రూని రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున తిప్పుతూ పోతే ఆ ఖాళీలో శరీరమే కొత్త ఎముక పోసుకుంటుంది. సైబీరియాలో కుర్గాన్ అనే ఊళ్లో ఇలిజరోవ్ అనే డాక్టరు కాళ్ల ఎముకలకి చేసిన పద్ధతే ఇది. మనుషుల దవడకి చేసి 1992లో ప్రచురించింది అమెరికాలో మెకార్తీ అనే డాక్టరు బృందం. కండ, చర్మం కూడా ఎముకతో పాటే సాగాలి కాబట్టి అంత నిదానం. పుట్టుకతోనే దవడ చిన్నదై ఊపిరాడని పసిబిడ్డలు ఎంతోమందికి గొంతుకి రంధ్రం పెట్టే గతి తప్పిస్తున్నదీ ఇదే.

పొద్దున అర మిల్లీమీటరు, సాయంత్రం అర. చెవి కింద చర్మంలోంచి బయటికొచ్చిన కడ్డీకి అక్క కీ తగిలించి తిప్పుతుంటే వాడు దుప్పటి అంచు పిడికిట్లో బిగబట్టుకుంటాడు, ఏడవడు. తిప్పడం అయిపోయినా ఎముక గట్టిపడేదాకా, అంటే ఇంకో రెండు మూడు నెలలు, ఆ పరికరం లోపల ఉండాల్సిందే.

ఇంకొకావిడ పుత్తూరు కట్టు కట్టించమంది. విరిగిన చెయ్యికైతే నేనూ కాదనను, పెరగని దవడకి కట్టు ఎక్కడ కడతారమ్మా?

అసలు నా కోపం పాతది. నాలుగేళ్లప్పుడు వాడు మెట్ల మీద బోర్లా పడితే గడ్డం కింద కుట్లు వేసి పంపేశారు. ఆ దెబ్బకి చెవి ముందున్న కీలు విరగొచ్చని, పట్టించుకోకపోతే అది అతుక్కుపోయి దవడ పెరుగుదలే ఆగిపోవచ్చని ఒక్కరూ చెప్పలేదు. నోరు తెరవట్లేదని అక్క మళ్లీ పోతే "భయంతో తెరవట్లేదు, పెద్దయితే సరైపోతుంది" అన్నారు. ఏళ్లు పోయాయి ఆ ఒక్క మాటకి.

మీ పిల్లలకి గడ్డానికి దెబ్బ తగిలితే కుట్లతో సరిపెట్టుకోకండి. చెవి ముందు కీలుకి కూడా ఎక్స్‌రే తీయమని అడగండి, తీయకపోతే అక్కడే గొడవ పెట్టుకోండి.