ముక్కు దిబ్బడకు శ్వాస మీద ధ్యాస

జ్వరానికి కాలేజీలు మందు కనిపెట్టాయి. దాని పేరు మైండ్‌ఫుల్‌నెస్, అంటే ఈ క్షణంలో జరిగేదాని మీదే ధ్యాస నిలిపే ధ్యానం. జలుబు చేసి 102 డిగ్రీల జ్వరంతో మంచమెక్కిన విద్యార్థి అసైన్‌మెంట్‌కు రెండు రోజులు గడువడిగితే, గడువు రాదు గానీ పది నిమిషాల ధ్యానం ఆడియో మాత్రం తక్షణం వస్తుంది. గడువు పెంచాలంటే కమిటీ కూర్చోవాలి. ధ్యానానికి రోగి ఒక్కడు కూర్చుంటే సరిపోతుంది.

ఆడియోలో మొదటి మాటే 'ముక్కుతో నెమ్మదిగా గాలి పీల్చండి' అని. పేచీ అక్కడే. జలుబు చేస్తే ముక్కు లోపలి రక్తనాళాలు ఉబ్బి దారి మూసేస్తాయి. అందరూ శ్వాసను గమనిస్తుంటే ఇతను వెతుక్కుంటుంటాడు. దొరక్క నోటితో గబగబా లాగితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి తల తిరుగుతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. దీన్ని సాధనలో పురోగతిగా రాసుకోవచ్చు.

ఆ తర్వాత ఎండుద్రాక్ష. ఒక్కటే తీసుకుని చూడాలి, తడమాలి, వాసన చూడాలి, నింపాదిగా నమలాలి. ముక్కు పనిచేయనివాడికి నాలుక తీపి, కాస్త పులుపు చెప్పి ఊరుకుంటుంది. మిగతాదంతా శూన్యం. ఆరోగ్యవంతులు ఏళ్ల తరబడి కూర్చున్నా అందనిది!

జాన్ కబాట్-జిన్ 1979లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో మొదలుపెట్టిన అసలు మైండ్‌ఫుల్‌నెస్ కార్యక్రమం ఎనిమిది వారాలది. వారానికో తరగతి, ఇంటి దగ్గర రోజూ 45 నిమిషాల సాధన. జలుబేమో వారం పది రోజుల్లో దానంతటదే పోతుంది. ఇక మనస్తత్వ శాస్త్రవేత్త షెల్డన్ కోహెన్ బృందం 1991లో ప్రచురించిన ప్రయోగం సంగతి: 394 మంది ముక్కుల్లో వైరస్ చుక్కలు వేస్తే, ఒత్తిడి ఎక్కువున్నవాళ్లకే జలుబు ఎక్కువగా పట్టింది. అంటే గడువు కొంచెం సడలిస్తే కొన్ని ముక్కులు బాగుపడేవేమో. కానీ అది పరిపాలనా విషయం, ఆరోగ్య విభాగం తలదూర్చదు.

అయినా చేసితీరతామనే మొండివాళ్లు రెండు దిండ్లు వేసుకుని తల ఎత్తుగా పెట్టుకోండి. ధ్యాస ముక్కు మీద వద్దు, అరికాళ్ల మీదో ఫ్యాన్ చప్పుడు మీదో నిలపండి. మూడు నిమిషాలు చాలు. దగ్గును గమనించబోతే ఇంకా దగ్గొస్తుంది. నిద్ర ముంచుకొస్తే పడుకోండి, ఆడియో ఏమీ అనుకోదు. ఆయాసమో, ఛాతీలో నొప్పో ఉంటే మాత్రం కళ్లు తెరిచి డాక్టర్ దగ్గరికి నడవండి.

అన్నట్టు, ధ్యానం తరగతికి హాజరు తప్పనిసరి. జ్వరమొచ్చి రాలేకపోతే మెడికల్ సర్టిఫికెట్ జతచేయాలి.